కారం తినలేకపోతే తప్పా?

పోయిన వేసవి సెలవుల్లో మేం ఐదుగురం పూరీ వెళ్ళాం. మా వారు, పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, అత్తయ్యగారు, నేను. జగన్నాథుడి దర్శనం అత్తయ్యగారి కోరిక, సముద్రం పిల్లల కోరిక. నాదొక్కటే కోరిక, నాలుగు రోజులు గరిట పట్టుకోకుండా ఉండాలని. నవ్వకండి, మీ కోరికా అదేనని నాకు తెలుసు.

మొదటి రోజు మధ్యాహ్నం బీచ్ దగ్గర ఒక హోటల్‌కి వెళ్ళాం. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని సర్వరు కుర్రాడు "ఆంధ్రా నుంచా?" అని హిందీలో అడిగాడు. మా వారు ఛాతీ విరుచుకుని "గుంటూరు" అన్నారు. అంతే! వంటాయన మా మీద గౌరవమంతా కారం రూపంలో చూపించేశాడు. పప్పు నిండా ఎండుమిరపకాయలు, కూర నిండా పచ్చిమిర్చి, పిల్లలకని విడిగా చెప్పిన నూడుల్స్ కూడా ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి.

పాప రెండు ముద్దలకే ఏడుపు లంకించుకుంది. కంగారులో నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువ ఏడ్చింది. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు. పాలో పెరుగో ఇవ్వాలని ఆ క్షణంలో నాకు తట్టలేదు. "గుంటూరు పిల్లవై ఉండి ఇంత దానికే ఏడుస్తావా?" అన్నారు మా వారు. ఆ మాట వినగానే మా బాబు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే గబగబా తినేశాడు, నాన్న మెప్పు కోసం. అత్తయ్యగారు అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని, నాలుగు ముద్దలు తిని లేచారు. రోజూ అలాగే తింటారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

రాత్రి పిల్లలు నిద్రపోయాక అత్తయ్యగారు మెల్లిగా అడిగారు. "అమ్మాయ్, ఇక్కడ కాసిని అటుకులు దొరుకుతాయేమో చూస్తావా?"

"ఆకలిగా ఉందా అత్తయ్యా? మధ్యాహ్నం సరిగ్గా తినలేదా?"

"నేను కారం తిని నాలుగేళ్ళయింది. తింటే రాత్రంతా గుండెల్లో మంట, నోరంతా పూత. అందుకే ఆ మజ్జిగన్నంతో లాగిస్తున్నా."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు మాత్రం ఎంతమందికని వేరువేరుగా వండుతావు? అయినా మనింట్లో కారం తినలేనంటే నవ్వరూ?"

నాలుగేళ్ళు! రోజూ ఆవిడకి వడ్డించింది నేనే. "మా అత్తయ్యగారికి మజ్జిగంటే ప్రాణం" అని వచ్చిన చుట్టాలందరికీ మురిపెంగా చెప్పిందీ నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచీ ఈ కారం గొప్పల మీద నాకు కోపం.

అసలు ఏమిటి ఈ గొప్ప? కారం తినగలగడం అలవాటు. పాడగలగడం లాంటి విద్య కాదు, పరోపకారం లాంటి గుణమూ కాదు. మరి దాన్నో పౌరుషంలా, వంశ ప్రతిష్ఠలా ఎందుకు చూస్తాం? కారం తినేవాడు మగాడు, తిననివాడు చప్పిడి మనిషి! పెళ్ళిచూపుల్లో కూడా "మా వాడికి కారం దండిగా ఉండాలండీ" అని చెప్పుకునేవాళ్ళని చూశాను.

పైగా ఇది తరతరాల సంప్రదాయం అంటారు. ఏ తరాలండీ? మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. శ్రీనాథుడి కాలానికి మన వంటిళ్ళలో మిరపకాయే లేదు. మిరియం, అల్లం, ఆవాలతోనే తిన్నారు. మరి వాళ్ళు తెలుగువాళ్ళు కారా?

దీనికి పూరీలోనే నాకు సాక్ష్యం దొరికింది. రెండో రోజు దర్శనం అయ్యాక ఆలయం ఆవరణలోనే ఉన్న ఆనంద బజారులో మహాప్రసాదం కొనుక్కున్నాం. మట్టికుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కట్టెల పొయ్యి మీద వండుతారు. ఉల్లి, వెల్లుల్లి వేయరు. బయటి దేశాల నుంచి వచ్చిన బంగాళదుంప, టమాటా, మిరపకాయ వాడకపోవడం అక్కడి ఆనవాయితీ. ఘాటు కావాలంటే మిరియం, అల్లం ఉన్నాయి. అన్నం, పప్పు, కూర, తియ్యగా పుల్లగా ఉండే ఖట్టా. అందరూ ఒకచోట కూర్చుని తింటారు, కులం అడగరు. అత్తయ్యగారు రెండోసారి పెట్టించుకున్నారు. మా పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ "ఇంకొంచెం పెట్టు" అనడం నేను విన్నది అదే మొదటిసారి. జగన్నాథుడికి పనికొచ్చిన వంట మా గుంటూరు నాలుకలకి చప్పిడి ఎలా అయిందో మరి!

"ఊరుగాని ఊళ్ళో సర్దుకుపోవాలి కదా" అంటారు. సర్దుకుందాం. కానీ ఆ సర్దుకునేది ప్రతిసారీ అమ్మమ్మా, పసిపిల్లా, ఇల్లాలే ఎందుకవ్వాలి? కారం కావలసినవాళ్ళకి పక్కన పచ్చిమిరపకాయ పెట్టుకుని కొరుక్కునే వీలుంది. కూరలో కలిసిపోయిన కారాన్ని ఎవరు వెనక్కి తీయగలరు?

"మీరే పులిహోర, దద్దోజనం పట్టుకెళ్ళొచ్చుగా" అంటారు ఇంకొందరు. పులిహోర కలిపేదెవరు? డబ్బాలు కడిగేదెవరు? ఆ ఎండకి, ఆ సముద్రపు ఉక్కకి మధ్యాహ్నానికే పాడైపోతే మాటలు పడేదెవరు? సెలవులకి వెళ్ళేది ఇంటిల్లిపాదీ అయినప్పుడు, ఆ సెలవు మాకూ రావాలి.

"హోటల్ వాళ్ళు ఒక్కరి కోసం వేరే వండుతారా?" అని ఒక సందేహం. వండుతారు, అడగడం తెలిస్తే. "కారం తక్కువ" అని చెప్తే లాభం లేదు. తక్కువంటే ఎంతో వాళ్ళ లెక్క వాళ్ళది. "మిరపకాయ అసలు వేయొద్దు, పోపులో కూడా" అని వస్తువు పేరు పెట్టి చెప్పాలి. ఒడియాలో మిరపకాయని లంకా అంటారు, కారాన్ని రాగ అంటారు. ఈ రెండు మాటలూ, చేత్తో వద్దన్న సైగా నాకు మూడు రోజులు అన్నం పెట్టాయి. ఇంకో కిటుకు, పెట్టే తిండిలో మార్పులు అడగడం కంటే పుట్టుకతోనే కారం లేని తిండి ఏదో కనుక్కోవడం. అక్కడ పప్పు, కూరగాయలు కలిపి వండే డాల్మా ఉంది, అందులో మిరప పోపు ఒక్కటీ వద్దంటే చాలు. మన చద్దన్నానికి చుట్టమైన పఖాళ ఉంది. పెరుగూ అటుకులూ ఉన్నాయి. మినప్పిండీ బియ్యప్పిండీ కలిపి పోసే చకుళి పిఠా మన దోసెకి చెల్లెలే. పిల్లలకి కాల్చిన పాలవిరుగుడు స్వీటు ఛెనా పోడ, కొబ్బరిబోండాలు. ఇన్ని ఉండగా మేం మొదటి పూట నిప్పులు తిన్నాం, ఎందుకంటే మా ఊరి పేరు ముందు చెప్పుకున్నాం, మా అవసరం చెప్పుకోలేదు.

తిరిగొచ్చాక అత్తయ్యగారిని డాక్టరుకి చూపించాం, మందులు వాడుతున్నారు. ఇంట్లో పప్పు, కూర పొయ్యి మీద ఉన్నప్పుడే కారం వేయకముందు ఒక గిన్నెలోకి తీసి పక్కన పెడుతున్నాను. అదనంగా పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు నాకు మిగల్చడానికి ఆవిడ నాలుగేళ్ళు అర్ధాకలితో ఉన్నారు. మా వారు ఇప్పటికీ కారం డబ్బా దగ్గర పెట్టుకునే తింటారు. తిననివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. పాపని మాత్రం ఎవర్నీ ఏమీ అననివ్వడం లేదు.

పూరీలో చివరి రోజు మళ్ళీ ఆ మొదటి హోటల్‌కే వెళ్ళాం. ఈసారి మా వారు నోరు తెరవకముందే నేను చెప్పాను, "ఐదుగురిలో ముగ్గురికి మిరపకాయ వద్దు" అని.

"ముగ్గురెవరు? అమ్మా, పాపేగా?" అన్నారు మా వారు.

"మూడోదాన్ని నేను" అన్నాను. పెళ్ళయిన పన్నెండేళ్ళకి.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు మజ్జిగన్నంతో లాగించేస్తూ ఉంటారు. ఇవాళ రాత్రి వడ్డించేటప్పుడు ఒకసారి అడిగి చూడండి. అది మీరే అయితే, ఇంకొకళ్ళు అడిగేదాకా ఆగకండి.