గాదె మనది, తాళమూ మనదే
వానకు నెట్ పోయిన మధ్యాహ్నం కంగ్టిలో ఒక హార్డ్‌వేర్ కొట్టును ఊహించుకోండి. తీగ చుట్ట భుజాన వేసుకుని రైతు నిలబడ్డాడు, బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, బిల్లు మాత్రం రాదు. పక్క కొట్టులో లెక్కల ప్రోగ్రామ్ ట్యాలీ కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి నెట్ లేకున్నా బిల్లు టకటకా వచ్చేస్తుంది. రోజువారీ పనికి కంప్యూటర్‌లో ఎక్కించుకున్న ప్రోగ్రామే మేలనేది ఇందుకే. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీలో కూడా రిటర్నుల వివరాలు నెట్ లేకుండా నింపుకునేందుకు ఆఫ్‌లైన్ టూల్ ఉంది; పంపేటప్పుడే నెట్ కావాలి. గూగుల్ డాక్స్ నెట్ లేకున్నా తెరుచుకుంటుంది గానీ, ఆ ఏర్పాటు ముందే చేసిపెట్టుకోవాలి. దాహమేసినప్పుడు బావి తవ్వితే కుదరదు. నలుగురు కలిసి ఒకే కాగితం దిద్దాలంటే వెబ్‌కు సాటి లేదు, కాదనను. హార్డ్ డిస్క్ పోతే లెక్కలూ పోతాయన్నదీ నిజమే. అందుకు మందు వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో నకలు. తెలుగులో ఉత్తరమో పద్దో రాసుకోవడానికి లిబ్రేఆఫీస్ ఉచితంగానే దొరుకుతుంది. ఇవాళే ఎక్కించుకోండి, నెట్ తీసేసి ఒక పూట పని చేసి చూడండి.