బాపట్ల వరికి ఇరవై రోజుల వెసులుబాటు

వాతావరణ మార్పులను తట్టుకొనే వరి కోసం ప్రపంచవ్యాప్తంగా సాగుతున్న పరిశోధన ముంపు, బెట్ట, చౌడు, వేడి చుట్టూ తిరుగుతున్నది. ఒంగోలు, బాపట్ల ప్రాంతాల చివరి ఆయకట్టులో మాత్రం వీటికి ముందు లెక్కలోకి రావలసింది, ఆలస్యంగా వచ్చే కాలువ నీటికీ సంవత్సరాంతపు తుపానులకూ మధ్య పైరుకు దక్కే వ్యవధి.

1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, సన్నగింజతో, అన్నం రుచితో దక్షిణాదిన స్థిరపడినప్పటికీ, కోతకు దాదాపు 145 రోజులు తీసుకుంటుంది. పైరు పడిపోయే గుణమూ దానికున్నది. జూలై నడుమ నారు పోస్తే కోత డిసెంబరులోకి జారుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు పండిన వరి నేలకొరిగి, పనల మీద ఉన్నది నీట నానింది. అలా నానిన వెన్నులోనే గింజ మొలకెత్తితే, మరపట్టినప్పుడు బియ్యం నూకవుతుంది, ధాన్యానికి ధర పడిపోతుంది.

ముంపు విషయానికి వస్తే, ఒడిశా నాటు రకం నుంచి గుర్తించిన సబ్1 జన్యువును మారుటేరు వరి రకమైన స్వర్ణలో ప్రవేశపెట్టగా 2009లో విడుదలైన స్వర్ణ సబ్1, మునిగినప్పుడు ఎదుగుదల ఆపి, పిండిపదార్థాన్ని దాచుకొని, దాదాపు రెండు వారాల తర్వాత కూడా మళ్ళీ చిగురిస్తుంది. ఇది గొప్ప విజయమే. అయినా పిలక దశలో పైరును కాచే ఆ గుణం పండిన వెన్నును కాపాడలేదు.

అందుకే 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే 'కమల', ఇక్కడి రైతుకు ప్రత్యేకంగా పట్టించుకోదగినది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ దీనిని సాంబ మసూరి నుంచే, జన్యు సవరణతో, అంటే బయటి జన్యువును మిగల్చకుండా మొక్కలో ఉన్నదానినే సరిదిద్ది రూపొందించింది. దిగుబడి 19 శాతం ఎక్కువనీ, పంట సుమారు 20 రోజులు ముందుగా వస్తుందనీ ప్రకటన చెబుతున్నది. మొదటి అంకె ఎంత ఆకర్షణీయమైనా ఈ తీరానికి విలువైనది రెండవదే.

అయితే ఆ 20 రోజులు ఇక్కడి పొలాల్లో నిజం కావాలి. ఆలస్యంగా అందిన నీటితో, వెద పద్ధతిలో విత్తిన చివరి భూముల్లో కమలను పరీక్షించి, గాలివానకు పైరు ఏ మేరకు నిలిచిందో, నిద్రావస్థ, అంటే తడి తగిలినా పండిన గింజ మొలకెత్తకుండా ఆగే కాలం, ఎన్నాళ్ళు ఉన్నదో దిగుబడి లెక్కల పక్కనే ప్రకటించి, ఆ తర్వాతే ఈ ప్రాంత రైతుకు విత్తనం ఇవ్వాలి.