ఆరు బంతులకే తేలిపోతుందా?

మా ఊరి రచ్చకట్ట మీద వారం రోజులుగా ఒకటే పంచాయితీ. వాన మాట, శనగల ధర మాట కూడా వెనక్కి పోయినాయి. ఊరిలో అందరికంటె వేగంగా బంతి వేసే పదిహేనేండ్ల కుర్రవాడొకడు క్రికెట్ జట్టు ఎంపిక ఉందని తెలిసి తెల్లవారుజామున తొలి బస్సెక్కి పోయి, రాత్రికి తల వంచుకుని తిరిగి వచ్చాడు. ఎండలో నాలుగు గంటలు వరుసలో నిలబెట్టి, చివరకు ఆరు బంతులు వేయించారట. రెండు బంతులు కాళ్ల పక్కగా దూరంగా పోయినాయి. ఒకటి సగం దూరంలోనే నేలకు కొట్టుకుంది. తక్కినవి ఎట్లా పడ్డాయో వానికే గుర్తు లేదు. "చాలు, తరువాతి వాడు రావాలి" అన్నారట. అంతటితో అయిపోయింది.

"వాని చేతిలో పస ల్యాదబ్బీ. మన చేన్లో ఏసేది ఏరు, ఆడ ఏసేది ఏరు. ఇంగ వాన్ని సేద్యంలో పెట్టుకోండి" అని ఒక పెద్దాయన తీర్పు చెప్పేశాడు. కుర్రవాని మేనమామ ఒప్పుకోలేదు. "నేర్పినోడు ల్యాడు, చూసినోడు ల్యాడు. పస యాడనుంచి వస్తాది మామా?" అన్నాడు. ఊరు రెండుగా చీలింది. పేపరుకు రాసేవాడిని గనుక నన్ను మధ్యన కూర్చోబెట్టారు.

ఆ కుర్రవాడు ఇంతకాలం వేసింది టెన్నిస్ బంతి. దాని బరువు 58 గ్రాములకు అటూ ఇటుగా ఉంటుంది. ఎంపికలో చేతికిచ్చింది తోలు బంతి, పిల్లలు డ్యూస్ బాల్ అంటారు. దాని బరువు 156 నుంచి 163 గ్రాములు. అంటే దాదాపు మూడింతలు. పైగా దానికి కుట్టు ఉంటుంది. వేళ్లు ఆ కుట్టు మీద ఎట్లా ఆనించాలో, బంతి ఎక్కడ వదలాలో చేతికి అలవాటు కావలసిందే గాని నోటితో చెబితే వచ్చేది కాదు. వేరుశనగ కాయ పీకేసిన చేనులో, ఉత్త కాళ్లతో, తేలిక బంతి వేసిన భుజానికి ఒక్కసారిగా మూడింతల బరువిచ్చి "చూపించు నీ ప్రతాపం" అంటే ఆ ఆరు బంతులు చూపించేది ఏమిటి? వాని సత్తా కాదు, అలవాటు లేకపోవడమే.

ఈ సంగతి మన రైతులకు నేను చెప్పనక్కరలేదు. కర్నూలు, కడప జిల్లాల్లో తిరునాళ్లు వచ్చిందంటే బండలాగుడు పోటీలు చూడని వాడు లేడు. పాలపళ్ల కోడెను తెచ్చి సీనియర్ల బండకు ఎవరైనా కడతారా? పాలపళ్లకు వేరే పోటీ, రెండు పళ్లకు వేరే, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరే. పోటీకి నెలల ముందు నుంచి ఉలవలు ఉడికించి పెట్టి, పొద్దున్నే సాధన చేయించి, జత కుదిరిందా లేదా అని కంటికి కునుకు లేకుండా చూస్తారు. మంచి ఎద్దుకు చేతగాని జతను కట్టి, బండ కదలకపోతే ఆ మంచి ఎద్దును తిట్టే రైతును నేను ఇంతవరకు చూడలేదు. ఎద్దు పట్ల ఇంత న్యాయం తెలిసిన మనం, మన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆరు బంతులకే తీర్పు చెబుతున్నాం.

అయితే మేనమామ మాట కూడా పూర్తిగా ఒప్పుకోలేను. ఊతమిస్తే ప్రతివాడూ ఆటగాడవుతాడా? ఈ విలేకరి సంగతే చూడండి. చదువుకునే రోజుల్లో నాకు కబడ్డీ పిచ్చి. మా వ్యాయామోపాధ్యాయుడు పొద్దున్నే ఇంటికి వచ్చి లేపి మరీ ఆడించాడు. మా అమ్మ గుడ్లమ్మే డబ్బుతో బూట్లు కొనిచ్చింది. అయినా గీత దాటిపోయిన ప్రతిసారీ దొరికిపోయాను. నాకు లేనిది ఊతం కాదు, ఒంట్లో చురుకు. రెండేండ్లు ఆడిన తరువాత ఆ సంగతి నాకే తెలిసింది, దిగులు లేకుండా మానేశాను. ఆ రెండేండ్లు దొరికాయి గనుకనే దిగులు లేదు.

రచ్చకట్ట మీద విశాఖపట్నం వాసి కోన శ్రీకర్ భరత్ పేరు కూడా వచ్చింది. 2015లో రంజీ పోటీల్లో గోవా మీద 308 పరుగులు చేసి, ఆ పోటీల్లో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్ అనిపించుకున్నాడు. 2023 ఫిబ్రవరి నుంచి 2024 ఫిబ్రవరి వరకు భారత జట్టు తరఫున 7 టెస్టులు ఆడి, 12 ఇన్నింగ్సుల్లో 221 పరుగులే చేశాడు. సత్తా చాలలేదని కొందరు, బంతి గిర్రున తిరిగే పిచ్‌ల మీద ఎవరికైనా కష్టమేనని కొందరు ఇప్పటికీ వాదులాడుకోవచ్చు. కాని వాదించడానికి అక్కడ 12 ఇన్నింగ్సులున్నాయి. మా ఊరి కుర్రవాని మీద వాదించడానికి మనకున్నవి ఎన్ని?

ఇక మన కడప బిడ్డ శ్రీచరణి. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె ఊరు. తండ్రి ఆర్.టి.పి.పి.లో ఉద్యోగి. చిన్నప్పుడు ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు ఆడి, పదహారేండ్ల వయసులో గాని క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. మొదట్లో ఆమె కూడా వేగంగా బంతి వేసేదే. తరువాత స్పిన్‌కు మారింది. 2025 జూన్ 28న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తన తొలి టి-20 అంతర్జాతీయ మ్యాచ్‌లో 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. అదే ఏడాది నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉంది. ఆ పోటీల్లో ఆమె వికెట్లు 14. మన జట్టులో దీప్తి శర్మ తరువాత ఎక్కువ వికెట్లు ఆమెవే.

అందరూ ఆ 14 వికెట్లు చూస్తున్నారు. నేను చూసేది ఆ మార్పును. వేగంగా వేసే రోజుల్లోనే ఆ అమ్మాయిని నిలబెట్టి, ఆరు బంతులు చూసి పంపేసి, ఇంట్లో వాళ్లు "ఇక చాలులే తల్లీ" అని ఉంటే? మరో దారి వెతుక్కునే వ్యవధి ఆమెకు దొరికింది. ఇంట్లో నెలజీతం ఉండడం కూడా అందులో భాగమే. కోసిగి, ఆలూరు వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు దిక్కు పిల్లాపాపలతో వలసపోయే కుటుంబాల్లో ఇంతకంటె చేయి తిరిగిన పిల్లలుంటే వాళ్లను చూసేదెవరు? బడి వదిలిన పిల్లకు ఆట కూడా వదిలినట్టే.

బడిలో ఉన్న పిల్లల గతి మాత్రం ఏమిటి? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి పైగా పిల్లలుంటే వ్యాయామ విద్య చెప్పడానికి కనీసం పార్ట్‌టైము బోధకుడైనా ఉండాలంది. మీ ఊరి బడికి పోయి చూడండి. ఆటస్థలం ముళ్లకంపతో నిండి ఉందో, గడ్డివాములతో నిండి ఉందో మీకే తెలుస్తుంది. పట్నంలో ఫీజులు కట్టి చేర్పించిన బడులయితే మరీ మేలు, మూడంతస్తుల మేడ మీద ఆట ఎక్కడ ఆడాలి?

వందలమంది వస్తే ఎంపిక చేసేవాళ్లు మాత్రం ఏం చేస్తారని అడగవచ్చు. నిజమే, ఒక్క పూటలో అందరినీ చూడలేరు. అందుకే వడపోత మండలంలోనే మొదలు కావాలి. మండలానికి ఒక మ్యాటు, నాలుగు తోలు బంతులు, వారానికి రెండు రోజులు వచ్చి నేర్పే మనిషి ఉంటే చాలు. ఎంపికకు ముందురోజు తోలు బంతితో గంటసేపయినా వేసుకోనివ్వాలి. ఎంపికనాడు ఒక్కొక్కరికి నాలుగు ఓవర్లు, అవీ రెండు దఫాలుగా ఇవ్వాలి. కాదన్నప్పుడు ఎందుకు కాదన్నదీ ఒక్క మాట చెప్పాలి. ఆ ఒక్క మాట చాలు, పిల్లవాడు ఏడాది పొడుగునా దాని మీద కష్టపడతాడు. మన వంతూ లేకపోలేదు. సంక్రాంతికి ఊరూరా టెన్నిస్ బంతి పోటీలు పెట్టి, గెలిచినవాళ్లకు వేలకు వేలు బహుమానాలిస్తున్నాం. అందులో ఒక్క బహుమానం తగ్గిస్తే ఊరికి మ్యాటు రాదా?

కుర్రవాడు ఇప్పుడు పొద్దున్నే నాయనతో ఉల్లి చేనికి పోతున్నాడు. వచ్చే ఏడు మళ్లీ ఎంపికకు పోతావా అని అడిగాను. "ఆ బంతి ఒకటి ఉంటే పోతా న్నా" అన్నాడు. మొన్న సాయంత్రం రచ్చకట్ట మీద చందా మొదలుపెట్టాం. పస ల్యాదన్న పెద్దాయనే అందరికంటె ముందు రొంటినుంచి వంద రూపాయలు తీసి ఇచ్చినాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.