పరదా పూర్తయ్యాక కూడా తాళమెందుకు?

రెండు తారీఖులు చెప్తాను. పక్కపక్కన పెట్టి చూడండి.

2022 మార్చి 15. క్లాసు గదిలోకి హిజాబ్‌తో రావడానికి వీల్లేదన్న కర్ణాటక హుకూమత్ ఉత్తర్వును అక్కడి హైకోర్టు సమర్థించిన రోజు.

2022 మార్చి 23. పెద్ద క్లాసుల ఆడపిల్లలకు బళ్లు తెరుస్తున్నామని చాటింపు వేసిన తాలిబాన్ హుకూమత్, పిల్లలు బస్తాలు తగిలించుకుని వచ్చి కూర్చున్నాక, కొన్ని గంటలకే "ఇళ్లకు పొండి" అన్న రోజు.

మధ్యలో ఎనిమిది రోజులు. ఉడుపిలో చెప్పిన బహానా యూనిఫాం. కాబూల్‌లో చెప్పిన బహానా కూడా యూనిఫామే. షరియత్‌కూ ఆఫ్ఘన్ రివాజుకూ తగ్గ దుస్తులు ఖరారయ్యేదాకా ఆగమన్నారు. ఆ దుస్తులు కుట్టే దర్జీ ఇంతవరకు వాళ్లకు దొరకలేదు.

మొదటి తారీఖు మన ఇళ్లలో చిన్నాపెద్దా అందరికీ యాద్ ఉంది. మన ఖాలాలు, ఫూఫీలు, ఎప్పుడూ గడప దాటని నానీలు కూడా ఆ పిల్లల కోసం దువా చేశారు. జులూసులు తీశాం, పేపర్లకు ఉత్తరాలు రాశాం, స్టేటస్‌లు మార్చాం. హక్కే అది, చేయాల్సిందే. మరి రెండో తారీఖు? ఆ రోజు మన మసీదుల్లో, మన జమాతుల్లో, మన ఫోన్ గ్రూపుల్లో ఖామోషీ. ఉడుపి పిల్ల ముందు గేటు మూస్తే జుల్మ్ అయినప్పుడు, కాబూల్ పిల్ల ముందు మూస్తే అది ఏమవుతుంది? ఈ సవాల్ నేను అడిగిన ప్రతిసారీ ఆకుకు అందకుండా పోకకు పొందకుండా జవాబులొస్తాయి.

అందులో అన్నిటికన్నా ఎక్కువగా వినబడేది ఇది: "భాయ్, ఇప్పుడీ మాట ఎత్తితే దుష్మన్ చేతికి కత్తి ఇచ్చినట్టే. టీవీ వాళ్లు మన మీద పడతారు." ఆ డర్ నాకు తెలుసు. న్యూస్‌రూముల్లో ఇరవై ఏళ్లుగా బతుకుతున్నవాణ్ణి, ఏ వార్తను ఎవరు ఎలా వాడుకుంటారో దగ్గర నుంచి చూసినవాణ్ణి. కానీ టీవీ వాళ్లకు మన ఇజాజత్ ఎప్పుడు కావాల్సొచ్చింది? మనం నోరు మూసుకున్నా వాళ్ల కత్తి వాళ్ల దగ్గరే ఉంది. మన ఖామోషీ వల్ల తగ్గేది కాబూల్ పిల్లకు దక్కాల్సిన గవాహీ ఒక్కటే. పైగా ఆ పిల్ల ఎదురుచూసేది అమెరికా సెనేటర్ మాట కోసం కాదు. ఇరవై ఏళ్లు బాంబులేసి, వెళ్తూ వెళ్తూ ఆ ముల్క్ సొమ్ము దాదాపు 700 కోట్ల డాలర్లు బిగబట్టుకున్నవాళ్ల మాటకు అక్కడ ఏం ఇజ్జత్ ఉంటుంది? కలిమా చదివే నోళ్ల నుంచి రావాలి ఆ మాట.

రెండో జవాబు: "వాళ్లు తాలీమ్‌కు ఖిలాఫ్ కాదు, బేపర్దగీకి ఖిలాఫ్." దీని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన మంచి మనుషులు చాలామంది దీన్ని నిజమని నమ్ముతున్నారు.

2022 డిసెంబర్ 20న యూనివర్సిటీలు మూశారు. ఉన్నత విద్యా మంత్రి టీవీలో కూర్చుని, అమ్మాయిలు షాదీకి వెళ్తున్నట్టు తయారై వస్తున్నారని, ఇంజినీరింగ్, వ్యవసాయం లాంటి చదువులు ఆడవాళ్లకు తగవని సెలవిచ్చాడు. అప్పటికే అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేర్వేరు క్లాసులు, వేర్వేరు వేళలు పెట్టి ఉన్నాయి. సరే, అక్కడ మగవాళ్లు కూడా తిరుగుతారనుకుందాం. 2023 జులైలో ఆడవాళ్ల బ్యూటీ పార్లర్లు మూయించారు. పార్లర్ అంటే ఏమిటి? లోపల ఆడవాళ్లే, చేసేదీ ఆడవాళ్లే, చేయించుకునేదీ ఆడవాళ్లే, కిటికీకి పరదా. మగవాడు తొంగిచూడటానికి కూడా లేని చోటు. అక్కడ 60 వేల మంది ఆడవాళ్ల రోజీ పోయిందని ఆఫ్ఘన్ మహిళా వాణిజ్య సంఘం లెక్క చెప్పింది. అందులో బేవాలు ఉన్నారు, జంగ్‌లో కాళ్లు పోయిన షోహర్లను పోషించేవాళ్లు ఉన్నారు.

ఇంకా ముందుకు పోదాం. 2024 డిసెంబర్‌లో నర్సు చదువు, దాయీ చదువు చెప్పే సంస్థల్లో కూడా అమ్మాయిలను ఆపేశారు. కాన్పు చేసే పని! ఆడది ఆడదాని దగ్గర నేర్చుకుని ఆడదానికి చేసే పని. దునియాలో ఇంతకన్నా పూర్తి పరదా ఉన్న పని ఏదైనా ఉంటే చెప్పండి. ప్రసవంలో తల్లులు ఎక్కువగా చనిపోయే ముల్కుల్లో ఆఫ్ఘనిస్తాన్ ఒకటి. మగ డాక్టర్ ఆడ మరీజ్‌ను చూడకూడదని చాలా చోట్ల ఆంక్షలు పెట్టిందీ వీళ్లే, ఆడ డాక్టర్లు, దాయీలు తయారయ్యే దారి మూసిందీ వీళ్లే. మరి ఆ తల్లిని ఎవరు చూడాలి? 2025 ఆగస్టు 31 రాత్రి కూనార్‌లో జల్‌జలా వచ్చి రెండు వేల మందికి పైగా చచ్చిపోతే, మహిళా సిబ్బందిని మహరమ్ షరతు లేకుండా తిరగనివ్వండి, గాయపడ్డ ఆడవాళ్లను చూసేవాళ్లు లేరు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హుకూమత్‌ను బతిమాలాల్సి వచ్చింది.

పరదా నూటికి నూరు పాళ్లు ఉన్న చోట కూడా తాళం పడిందంటే, తాళం వెనక ఉన్నది పరదా కాదు. ఆడది సంపాదిస్తే, చదివితే, నలుగురు ఒక చోట కూర్చుని మాట్లాడుకుంటే తట్టుకోలేని హుకూమత్. 2021 సెప్టెంబర్‌లోనే, గద్దె ఎక్కిన నెలకే, మహిళా వ్యవహారాల మంత్రిత్వ శాఖ బోర్డు పీకేసి అదే భవనానికి అమ్ర్ బిల్ మారూఫ్ శాఖ బోర్డు తగిలించారు. 2024 ఆగస్టులో ఆ శాఖ పేరుతో 35 క్లాజుల ఖానూన్ తెచ్చి, ఇంటి బయట ఆడదాని గొంతు గట్టిగా వినబడకూడదన్నారు. మొహం, చదువు, రోజీ అయ్యాక మిగిలింది ఆవాజే కదా.

ఇది దీన్ అంటారా? నేను ఆలిమ్‌ను కాను. ఉర్దూ మీడియం బడిలో దీనియాత్ పీరియడ్‌లో నేర్చుకున్నది, తర్వాత నాకై నేను చదువుకున్నది, అంతే. కానీ ఆ మాత్రం చదువుకైనా తెలిసే సంగతులున్నాయి. మొదటి వహీ మొదటి లఫ్జ్ చదవమని. హజ్రత్ ఆయిషా (ర.అ) నుంచి మనకు చేరిన హదీసులు రెండు వేలకు పైగా. పెద్ద పెద్ద సహాబాలు మసాయిల్ అడగడానికి ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆమె గొంతు వినబడకూడదని అప్పుడే ఎవరైనా ఖానూన్ చేసి ఉంటే, ఈ రోజు మన దీన్‌లో సగం మసాయిల్ మనకు ఉండేవా? హజ్రత్ హఫ్సా (ర.అ)కు రాత నేర్పింది షిఫా బిన్తె అబ్దుల్లా అనే సహాబియా. జౌన్‌పూర్‌లో పుట్టి, నద్వాలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడ్డ మౌలానా అక్రమ్ నద్వీ, హదీస్ చెప్పిన ఆడ ఉలేమాల చరిత్ర రాయడం మొదలుపెడితే అది నలభైకి పైగా సంపుటాలైంది. యూనివర్సిటీలు మూసినప్పుడు అజ్‌హర్ షేఖ్ అహ్మద్ అల్ తయ్యిబ్ స్వయంగా ఇది షరియత్‌కు విరుద్ధమని చెప్పారు. తాలిబాన్‌లోనే పెద్దవాడు, దోహా చర్చలు నడిపిన అబ్బాస్ స్తానక్‌జై 2025 జనవరిలో ఖోస్త్‌లో ఈ నిషేధానికి ఏ ఉజ్ర్ లేదని బహిరంగంగా అన్నాడు. తర్వాత అతను ముల్క్‌లో నిలవలేదు.

"అది వాళ్ల రివాజు" అని ఇంకో బహానా. కాబూల్‌లో ఆడపిల్లల బడి 1921లో తెరిచారు. 1960ల్లో అక్కడ మహిళా మంత్రి ఉంది. 1996 నుంచి 2001 దాకా వీళ్ల మొదటి పాలనలో హెరాత్ అమ్మాయిలు కుట్టుపని నేర్చుకుంటున్నామని చెప్పి బురఖా కింద పుస్తకాలు దాచుకుని వెళ్లి సాహిత్యం చదువుకున్నారు. ఆ బడి పేరు "బంగారు సూది". ఇది కూడా ఆఫ్ఘన్ రివాజే.

ఇక నా పేషా సంగతి. 2025 అక్టోబర్ 10న ఢిల్లీలో తాలిబాన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ప్రెస్ మీట్ పెట్టాడు. మహిళా జర్నలిస్టులను పిలవలేదు. మన రాజధానిలో! లోపల కూర్చున్న మగ సహాఫీలు లేచి బయటికి రావాల్సింది. గోల అయ్యాక రెండు రోజులకు మళ్లీ పెట్టి, ఈసారి ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, అదేదో లిస్టు తయారీలో పొరపాటని చెప్పాడు. ముస్లిం బహెన్ల కన్నీళ్లు తుడవడానికే 2019లో తలాక్ ఖానూన్ తెచ్చామని చెప్పుకునే మన కేంద్ర హుకూమత్, ఆ ప్రెస్ మీట్‌తో మాకు సంబంధం లేదని చేతులు దులుపుకుంది. అదే రోజు కాబూల్‌లో మన దౌత్య కార్యాలయాన్ని మళ్లీ పూర్తి రాయబార కార్యాలయం చేస్తామనీ చెప్పింది. కాబూల్ బహెన్ కన్నీళ్లు వాళ్ల ఖాతాలోకి రావన్నమాట. మర్నాడు దేవ్‌బంద్‌లో ఆ మెహమాన్‌కు పూలు, జనం, ఘనస్వాగతం. మెహమాన్ నవాజీ మన రివాజే, కాదనను. దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టినవాళ్లకు అడిగే హక్ కూడా ఉంటుంది. "మౌలానా, పిల్లల బళ్లు ఎప్పుడు తెరుస్తారు?" ఈ ఒక్క సవాల్‌ను ఆ ఉలేమా మైకులో, అందరి ముందు అడగాల్సింది.

ఒక సంగతి దాటేయలేను. 2024 నవంబర్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నెతన్యాహూ మీద వారంట్ ఇచ్చినప్పుడు ఇన్సాఫ్ ఇంకా బతికే ఉందని మన గ్రూపులు మురిసిపోయాయి. అదే కోర్టు 2025 జులైలో తాలిబాన్ అమీర్ హిబతుల్లా అఖుంద్‌జాదా మీద, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హఖ్ఖానీ మీద ఆడవాళ్లపై జుల్మ్ చేసిన జుర్మ్‌కు వారంట్లు ఇస్తే "అది యూరప్ కోర్టు, సాజిష్" అని నాకే ఫార్వర్డ్‌లు వచ్చాయి. ఎనిమిది నెలల్లో కోర్టు మతం మార్చుకుందా?

యునెస్కో లెక్కలో 2024 ఆగస్టు నాటికే పెద్ద బడికి దూరమైన ఆడపిల్లలు కనీసం 14 లక్షలు. 2021 ఆగస్టులో తాలిబాన్ కాబూల్‌లోకి వచ్చినప్పుడు పన్నెండేళ్లున్న పిల్ల తనకు ఇష్టమైన క్లాసులో అడుగుపెట్టకుండానే పదహారు దాటింది. ఆ వయసుకు మన హైదరాబాద్‌లో, గుంటూరులో, కడపలో మన బిడ్డలు ఇంటర్‌లో ఉంటారు. కాలేజీకి బురఖాలో వెళ్తారు, బురఖా లేకుండా వెళ్తారు, నీట్ కోచింగ్ ఫీజు కోసం అబ్బాతో కొట్లాడతారు. ఆ పిల్లలతో ఈ సంగతి ఇంట్లో మాట్లాడండి. వాళ్ల ముందు ఆ హుకూమత్‌ను ఇస్లామీ హుకూమత్ అని అలవోకగా అనకండి, వాళ్లు వింటున్నారు.

వచ్చే జుమాకు మీ మసీదు ఖతీబ్ సాబ్‌ను సలాం చేసి అడగండి: ఖుత్బా తర్వాతి దువాలో ఫలస్తీన్ పిల్లలతో పాటు కాబూల్ ఆడపిల్లల పేరు కూడా తీసుకుంటారా అని. తీసుకుంటే అల్‌హమ్దులిల్లాహ్. తీసుకోనంటే ఎందుకో అడిగి, ఆయన చెప్పిన జవాబు నాకు రాసి పంపండి.