పిరమిడ్ కూలీల బాకీ లెక్క

పిరమిడ్లు వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్లు కట్టారని చెప్పే వీడియోలు మన క్యాంపుల్లో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతూనే ఉంటాయి. మీకూ వచ్చే ఉంటాయి. నాకైతే ఒళ్లు మండుతుంది. పెద్ద కట్టడం కనబడితే చాలు, అది కూలీలు కట్టారంటే ఎవరూ నమ్మరు.

గిజాలోని ఖుఫు పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాళ్లున్నాయి. కట్టి దాదాపు 4,500 ఏళ్లయింది. ర్యాంపు నేరుగా వేశారా, చుట్టూ తిప్పారా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ 2018లో హత్నుబ్ అనే క్వారీలో అదే ఖుఫు కాలం నాటి ర్యాంపు బయటపడింది. బాగా ఏటవాలు, రెండు పక్కలా మెట్లు, గుంజలు పాతిన గుంతలు. గుంజలకు తాళ్లు చుట్టి, చక్రాల్లేని చెక్కబండి మీద రాయిని పైకి లాగారని తవ్వినవాళ్లు అంటున్నారు. సైటులో బరువులు ఎత్తిన మీకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున, వాదీ అల్ జర్ఫ్‌లో పాపిరస్ కాయితాలు దొరికాయి. మెరేర్ అనే మేస్త్రీ, అతని కింద సుమారు 40 మంది. తూరా క్వారీ నుంచి సున్నపురాయిని పడవల్లో గిజాకి చేర్చేవాళ్లు. ఏ రోజు ఎక్కడ లోడు చేశారో, రాత్రి ఎక్కడ ఆగారో మొత్తం రాసిపెట్టారు. వాటితోపాటే తిండి లెక్కలు కూడా. అప్పట్లో నాణేలు లేవు, తిండే కూలి. రావలసింది ఎంత, వచ్చింది ఎంత, ఇంకా బాకీ ఎంత. బీకాం చదివినవాణ్ని, ఈ సంగతి చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఖుఫు మంచి యజమాని అని నేను అనడం లేదు. గిజా కూలీల సమాధుల్లో దొరికిన అస్థిపంజరాల్లో నడుములు అరిగిపోయి ఉన్నాయి.

మన సంగతికొస్తే, జీతం బాకీ అని వచ్చే అన్నలను ఓటీ ఎన్ని గంటలు అని అడిగితే "చాలా ఉంది సార్" అంటారు. ఇళ్లల్లో పనిచేసే అక్కలకైతే టైమ్‌షీటే ఉండదు. కేసు దాకా వెళ్తే కంపెనీ కాయితం ఒక్కటే మాట్లాడుతుంది.

రాసుకోండి. తేదీ, డ్యూటీ ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు, చేతికెంత వచ్చింది, ఎంత రావాలి. రాయడం రాకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేయండి. వారానికోసారి ఆ పేజీ ఫోటో తీసి ఇంటికి పంపండి, ఫోను పోయినా లెక్క ఉంటుంది. పాత నెలలవి గుర్తున్నంత వరకు రాయండి, కానీ పైన "తర్వాత రాసినది" అని పెట్టండి. లేకపోతే అడిగినప్పుడు ఇబ్బంది పడేది మీరే.