పోలిక వేరు, చుట్టరికం వేరు

క్రోషే నేర్పే పుస్తకాల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉన్నది. అవి కుట్లను కంటికి కనిపించే ఆకారాన్ని బట్టి జట్టు కడతాయి. ఉబ్బెత్తుగా తేలే కుట్లన్నీ ఒక అధ్యాయం, విసనకర్రలా విచ్చుకొనేవన్నీ ఇంకొక అధ్యాయం. బొమ్మలు తిరగేస్తూ ఎంచుకొనేవారికి ఇది సౌకర్యమే. సూది చేతబట్టి నేర్చుకొనేవారికి మాత్రం ఇంతకంటే తికమకపెట్టే ఏర్పాటు మరొకటి ఉండదని నా నమ్మకం. ఎందుకంటే ఈ అల్లికలో ఒకేలా కనిపించేవి చాలాసార్లు ఒకే కుటుంబానికి చెందవు. ఒకే కుటుంబానికి చెందినవేమో ఒకేలా కనిపించవు.

ఈ పని ఎరుగని పాఠకుల కోసం ఒక మాట. కొన కొక్కెంలా వంగిన ఒకే ఒక్క సూదితో, ఒకే దారాన్ని లూపులోంచి లూపుగా లాగుతూ పోవడమే క్రోషే. మనవైపు లేసు అల్లిక అంటాం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చి, నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటి పనిగా స్థిరపడింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇందులో మూలమైన కదలికలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే: గొలుసు, డబుల్, హాఫ్ ట్రెబుల్, ట్రెబుల్, ఇంకొకటో రెండో. తక్కిన సింగారమంతా వీటిని ఎక్కడ గుచ్చాం, ఎంతవరకు చేసి ఆపాం, దేన్ని దేనితో కలిపాం అన్నదాని మీదనే ఆధారపడుతుంది.

(నేను వాడుతున్నవి బ్రిటిష్ పేర్లు. వారి ట్రెబుల్‌ను అమెరికావారు డబుల్ అంటారు. వారి డబులేమో అమెరికాలో సింగిల్. అమెరికా పుస్తకం ముందు పెట్టుకొని బ్రిటిష్ లెక్కన అల్లితే వరస అనుకున్న ఎత్తులో సగమైనా రాదు. ఇది వేరే గొడవ, దాని జోలికి ఇప్పుడు పోను.)

ఉబ్బెత్తు కుట్లనే తీసుకుందాం. పాప్‌కార్న్, బాబుల్, పఫ్ అని మూడు. ఫొటోలో మూడూ చిన్న చిన్న బుడిపెలే. మెత్తని ఊలుతో అల్లితే చేతిలోకి తీసుకున్నా తేడా తెలియదు, నూగులో అన్నీ కలిసిపోతాయి. సన్నని నూలుదారంతో అల్లి చూడండి, అప్పుడు దేని నడక దానిదే.

బాబుల్‌కు ఒకే కన్నంలో అయిదు ట్రెబుళ్ళు మొదలుపెడతాం, కాని దేన్నీ పూర్తిచేయం. ఒక్కొక్కదాని చివరి లూపును సూది మీదనే నిలిపి ఉంచుతాం. అయిదూ అయ్యేసరికి సూది మీద ఆరు లూపులుంటాయి: ఈ అయిదు, మొదటినుంచీ ఉన్నది ఒకటి. అప్పుడు దారం చుట్టి ఆరింటిలోంచి ఒక్కసారిగా లాగుతాం. పాప్‌కార్న్‌లోనూ ఒకే కన్నంలో అయిదు ట్రెబుళ్ళే, అయితే అయిదూ పూర్తి అవుతాయి. ఆ తరువాత సూదిని లూపులోంచి బయటకు తీసి, మొదటి ట్రెబుల్ నెత్తిన గుచ్చి, వదిలేసిన లూపును అందుకొని దానిలోంచి లాగుతాం. మొదటిదీ చివరిదీ చేతులు కలపగానే మధ్యవి ముందుకు పొంగుతాయి. పఫ్‌లో అసలు ట్రెబుళ్ళే లేవు. దారం చుట్టడం, గుచ్చడం, పొడుగ్గా లాగి వదలడం, ఇదే అయిదుసార్లు. సూది మీద పదకొండు లూపులు పేరుకుంటాయి. చివరికి అన్నింటినీ ఒక్క లాగులో ముడివేస్తాం.

ఇలా చేతి కదలికల వెంట పోతే బంధుత్వాలు బయటపడతాయి. పాప్‌కార్న్‌లో ఆ చివరి కలపడం ఒక్కటీ మానేస్తే మిగిలేది ఏమిటి? అయిదు రేకులుగా విచ్చుకొన్న షెల్, అంటే గవ్వ కుట్టు! పుస్తకంలో అది ఎక్కడో విసనకర్రల అధ్యాయంలో ఉంటుంది. బాబుల్‌ను ఒకే కన్నంలో కాక పక్కపక్క అయిదు కన్నాల్లో అల్లితే వరసను కుదించే కుట్టు అవుతుంది. అది పుస్తకం మొదట్లో, అలంకారం ఊసే లేనిచోట ఉంటుంది. పఫ్ హాఫ్ ట్రెబుల్‌కు స్వయానా అక్క. ముగ్గురూ ఒకే పంక్తిలో కూర్చున్నంత మాత్రాన ఒకే ఇంటివారనుకోవడం పుస్తకాలవారి పొరపాటు.

అల్లి ఉన్న ముక్కను చూసి గుర్తుపట్టడానికీ ఇదే దారి. మా బంధువులలో జీవితమంతా లేసు అల్లిన ఒక పెద్దావిడ ఉన్నారు. కొత్త నమూనా చేతికిస్తే ఆమె ముందువైపు చూడనే చూడరు. వెనక్కి తిప్పి, బుడిపె అడుగున గోరు పెడతారు. గోరు గుంటలో దిగితే పాప్‌కార్న్, ఎందుకంటే అది బోలు. గోరు దిగకపోతే పోగులను పరీక్షిస్తారు. ట్రెబుల్ కాడ మీద చుట్టు తిరిగిన దారం వాలుగా ఒక అడ్డగీతలా కనిపిస్తుంది. ఆ గీతలుంటే బాబుల్. గీతలేమీ లేక పోగులు నున్నగా, నిలువుగా సాగి ఉంటే పఫ్. ఇదంతా ఆమెకు రెండు క్షణాల పని. ఏ పేరుతో పిలుస్తారని అడిగితే నవ్వి, “పేరెందుకమ్మా, ఇట్లా వేస్తాం” అని వేసి చూపిస్తారు.

ఆ జవాబు నాకు ఒకవైపు సంతోషం, ఒకవైపు దిగులు. దిగులు సంగతి చివర్లో చెబుతాను.

రూపాన్ని వదిలి పనిని గీయడం ఎలాగో చూడాలంటే జపాను పుస్తకాలు తెరవాలి. భాష రానివారు కూడా వాటిని చూసి అల్లగలరు, కారణం ఆ గుర్తులు. ట్రెబుల్‌కు నిలువు గీత, నెత్తిన అడ్డగీత, కాడ మీద వాలుగా ఇంకొక చిన్న గీత. అలాంటి కాడలు పైనా కిందా కలిసిపోతే బాబుల్. ఆ చిన్న గీతలు లేకుండా కలిస్తే పఫ్. కాడలు పూర్తయి నెత్తిన ఒక గుండ్రని మూత పడితే పాప్‌కార్న్. పెద్దావిడ గోటికి తెలిసిన అడ్డగీతే ఇక్కడ సిరాలో ఉన్నది! అంతేకాదు, కాడల పాదాలు కలిసి ఉంటే కుట్టులోకి గుచ్చమని, విడిగా ఉంటే గొలుసు కింది ఖాళీలోంచి అల్లమని. అల్లిక గుర్తులకు అక్కడ జాతీయ ప్రమాణమే ఉన్నది.

అంత దూరం ఎందుకు, మన ముగ్గులు లేవా? పత్రికలో ముగ్గు వేస్తే కింద “సందు చుక్క, 15 నుంచి 8 వరకు” అని రాస్తారు. తామర ముగ్గు, నెమలి ముగ్గు అన్న పేర్లు ముద్దుకే, అసలు విషయమంతా ఆ ఒక్క ముక్కలో ఉంటుంది. సరి చుక్కలు పెట్టి సందు చుక్కల ముగ్గు వేద్దామంటే గీత కుదరదు. చుక్కలు పెట్టే పద్ధతినే చిరునామాగా పెట్టుకొన్న జాతి, లేసు దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు పేలాల పేరు పట్టుకొని వేలాడటం నాకు వింతగా తోస్తుంది.

ఇక దిగులు సంగతి. మరియా మీస్ 1982లో వెలువరించిన నరసాపురం లేసు కార్మికుల పుస్తకం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఇంట్లో కూర్చొని ప్రపంచ విపణికి సరుకు అల్లే ఆడవాళ్ళను కార్మికులుగా కాక, తీరిక వేళ గడుపుకొనే గృహిణులుగా ఎలా లెక్కగట్టారో ఆమె విప్పి చూపారు. పువ్వు అల్లేవారొకరు, అతుకు వేసేవారొకరుగా పని ఎలా ముక్కలయిందో కూడా అందులో ఉన్నది. ఇటువంటి చోట పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. కొనేవారు ఒక ఫొటో పంపి, బుడిపెలున్న పువ్వులు వంద కావాలంటారు. అయిదు నిండు ట్రెబుళ్ళు వేసి, సూది తీసి, మళ్ళీ గుచ్చే పాప్‌కార్న్‌కూ, మూడు లాగుళ్ళ పఫ్‌కూ పట్టే సమయమూ దారమూ ఒకటేనా? ఫొటోలో రెండూ ఒకటే కనుక ముక్క కూలీ కూడా ఒకటే అంటే, అల్లే మనిషి తన అభ్యంతరాన్ని ఏ మాటలో చెప్పాలి? “ఇట్లా వేస్తాం” అని చూపించడానికి బేరం చేసేవారు ఎదుట కూర్చోరు కదా. అందుకే పేరెందుకన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. పేర్లు కావాలి, చేతిపనిలోంచి పుట్టినవి కావాలి.

నాకు తోచినవి చెబుతాను. బాబుల్‌ను “కూడగట్టు కుట్టు” అందాం, అన్ని లూపులనూ కూడగట్టి ఒకసారే ముడివేస్తాం కనుక. పాప్‌కార్న్‌ను “తిరిగిగుచ్చు కుట్టు” అనవచ్చు. పఫ్‌ను “లాగుడు కుట్టు”. ముందు ఒక అంకె చేర్చితే కూలీ లెక్కకూ పనికివస్తుంది: అయిదు తిరిగిగుచ్చు, మూడు లాగుడు. వినడానికి ఏమంత సొంపుగా లేవని తెలుసు, ఇంతకంటే చక్కనివి మీకు తడితే సంతోషమే.

ఆ పెద్దావిడకు ఈ మూడూ వినిపించాను. మొదటి రెండింటికీ తల ఊపారు. మూడోది మాత్రం కుదరదన్నారు: “లాగకుండా వేసే కుట్టు ఏదమ్మా లేసులో?” పఫ్‌కు ఇంకా వెతుకుతున్నాను.