అడవి పట్టాలు, దూరపు డిస్కులు

దుమ్ముగూడెం, చర్ల అడవులంచున పోడు సేద్యము చేయు కోయ రైతు 2006 నాటి అటవీ హక్కుల చట్టమువలన లభించిన తన పట్టాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంటి దూలమునకు వ్రేలాడదీసికొనును. దాని లెక్క మాత్రము నేడు ఎక్కడో దూరమున డిస్కులలో నున్నది. ఆ డిస్కులను నడపు ఫర్మ్‌వేర్‌లోనే దోషమున్నచో? తమ ఎస్.ఎస్.డి. రకపు డిస్కులలో కొన్ని సరిగా 32,768 గంటలు, అనగా 3 సంవత్సరముల 270 దినముల 8 గంటలు, నడిచిన పిమ్మట నిలిచిపోవుననియు, అందలి సమాచారము తిరిగి రాదనియు 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థయే ప్రకటించినది. ఒకేనాడు అమర్చినవి దాదాపు ఒక్కుమ్మడిగా కూలును గనుక, ఒకటి చెడినచో తక్కినవి ఆదుకొనునన్న రెయిడ్ ఏర్పాటు సైతము అక్కడ నిష్ప్రయోజనము. గడువునకు ముందే దిద్దిన ఫర్మ్‌వేర్ ఎక్కించుటయే శరణ్యము. నడుచుచున్నదానిని కదపనేల యను ఉపేక్ష నాకు క్షమార్హముగా తోచదు. మన పట్టాల లెక్కలు దాచు ప్రతి డిస్కు ఫర్మ్‌వేర్‌ను మూడు నెలలకొకమారు పరీక్షించి రిజిస్టరున వ్రాయుడని రెవెన్యూ, గిరిజన సంక్షేమ శాఖల అధికారులను వేడుచున్నాను.